రొమ్ము తగ్గింపు సర్జరీకి బరువు అడ్డమా?

మెడ, భుజాలు, వీపు నొప్పులతో ఏళ్ల తరబడి అవస్థపడి, చివరికి ధైర్యం చేసి బ్రెస్ట్ రిడక్షన్ గురించి అడగడానికి వెళ్లిన మహిళకు తరచుగా మొదట వినపడే మాట ‘ముందు బరువు తగ్గి రండి’. ఆ మాట వెనక మూడు వేర్వేరు కారణాలు ఉండొచ్చు. బరువు తగ్గితే అసలు సర్జరీ అవసరమే పడదేమో అన్న ఆలోచన ఒకటి. ఈ బరువుతో మత్తు ఇవ్వడం, గాయం మానడం కష్టమన్న భయం ఇంకొకటి. ఖర్చు భరించే సంస్థ ఒక అంకె పెట్టింది, అది దాటితే ఒప్పుకోదు అన్నది మూడోది. ఈ మూడూ ఒకే వాక్యంలో కలిసిపోవడంతో వినేవాళ్లకు తమ శరీరం మీద తీర్పు చెప్పినట్టు అనిపిస్తుంది. విడదీసి చూస్తే మొదటి కారణం చాలామంది విషయంలో నిలవదు. రెండోది నిజమే, అయితే ఫలానా కిలోల దగ్గర మొదలై ఫలానా కిలోల దగ్గర ఆగే ప్రమాదం కాదది. మూడోది చాలావరకు డబ్బు సంగతి.

అంకె ఎలా పుడుతుందో చూడటానికి ఇంగ్లండ్ మంచి ఉదాహరణ. అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్ 2018లో కొన్ని చికిత్సలను షరతులు తీరితేనే చేయాలని ప్రకటించింది. అందులో రొమ్ము తగ్గింపు ఒకటి. బీఎంఐ 27 కంటే తక్కువ ఉండాలి, కనీసం 12 నెలలుగా నిలకడగా ఉండాలి. ఒక్కో వైపు 500 గ్రాములైనా, లేదంటే నాలుగు కప్పు సైజులైనా తగ్గించాల్సినంత అవసరం కనపడాలి. కొలతలు తీసి సరిగ్గా ఎంచిన బ్రా వాడినా బాధ తగ్గలేదని తేలాలి. బీఎంఐ అంటే తెలిసిందే, కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేది. 155 సెంటీమీటర్ల ఎత్తున్న మహిళకు 27 అంటే సుమారు 65 కిలోలు. తెలుగు ఇళ్లలో నలభై దాటిన ఆడవాళ్లను తలుచుకుంటే ఈ గీతకు ఇవతల ఎంతమంది మిగులుతారో ఊహించడం కష్టం కాదు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. తూకం మిషన్ ఎక్కినప్పుడు రొమ్ముల బరువు కూడా అందులో కలిసే వస్తుంది. అదే 155 సెంటీమీటర్ల మహిళ 66.5 కిలోలు ఉందనుకుందాం. బీఎంఐ 27.7. ఇంగ్లండ్ లెక్కలో అర్హత లేదు. ఒక్కో వైపు కిలో చొప్పున తీస్తే ఆమె 64.5 కిలోలకు దిగుతుంది, బీఎంఐ 26.8 అవుతుంది. అంటే ఆపరేషన్ అయిపోయాక ఆపరేషన్‌కు అర్హత వస్తుంది! ఇది లెక్కల చమత్కారం మాత్రమే అని కొట్టిపారేయడానికి లేదు. విపరీతమైన రొమ్ము పెరుగుదలకు వైద్యులు వాడే నిర్వచనాల్లో ఒకదాని ప్రకారం అదనపు కణజాలమే మొత్తం శరీర బరువులో 3 శాతం, అంతకు మించి ఉంటుంది. 70 కిలోల మనిషిలో అది రెండు కిలోల పైమాట. ఏ బరువు వదిలించుకోవడానికి వచ్చిందో ఆ బరువునే ఆమె మీద లెక్క వేయడం న్యాయంగా అనిపించదు.

ఇక మొదటి కారణం. బరువు తగ్గితే రొమ్ములు తగ్గుతాయా? సమాధానం ఆ రొమ్ము దేనితో తయారైందన్న దాని మీద ఉంటుంది. రొమ్ములో పాలగ్రంథుల కణజాలం, దాన్ని పట్టి ఉంచే పీచు కణజాలం, కొవ్వు కలిసి ఉంటాయి. వీటి పాళ్లు మనిషికీ మనిషికీ చాలా మారతాయి. వయసు పెరిగేకొద్దీ, ముఖ్యంగా నెలసరి ఆగాక, గ్రంథులు తగ్గి కొవ్వు వాటా పెరుగుతుంది. ఒంటి బరువు ఎక్కువున్నవాళ్లలోనూ కొవ్వు వాటా ఎక్కువ. ఇలాంటివాళ్లు పది పన్నెండు కిలోలు తగ్గితే రొమ్ము కూడా కొంత తగ్గే అవకాశం ఉంది. ఎంత తగ్గుతుందో ముందే చెప్పడం కుదరదు. కొందరిలో ముఖం, చేతులు చిక్కిపోతాయి, రొమ్ములు మాత్రం కదలవు. అదే పదిహేడేళ్ల అమ్మాయిలో యుక్తవయసు మొదలైన కొద్ది నెలల్లోనే విపరీతంగా పెరిగినవైతే అది ఎక్కువగా గ్రంథుల, పీచు కణజాలపు పెరుగుదల. ఆ అమ్మాయిని అన్నం మానిపించి, చపాతీలు పెట్టి, పొద్దున్నే నడిపిస్తే ఒళ్లు నీరసిస్తుంది తప్ప బాధ తీరదు. సన్నగా, 50 కిలోల లోపు ఉండి ఈ సమస్యతో వచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లను బరువు తగ్గమనడంలో అర్థం లేదు. నలభై దాటినవాళ్లకు ఎలాగూ సర్జరీకి ముందు మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే తీయిస్తారు. రొమ్ములో కొవ్వు పాలు ఎక్కువా, గ్రంథులు ఎక్కువా అన్నది అందులో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ‘నేను తగ్గితే ఇవి తగ్గుతాయా’ అన్న ప్రశ్న ఆ ఫిల్మ్ ముందు పెట్టుకుని అడగడం మంచిది.

కొవ్వు తగ్గినా చర్మం అంతే వేగంగా ముడుచుకోదు. సాగిన చర్మం ఖాళీ అయి ఇంకా కిందికి జారుతుంది. మడతలో చెమట చేరడం, ఒరుసుకుని మంట పుట్టడం, వేసవిలో ఫంగస్ దద్దుర్లు రావడం అలాగే కొనసాగవచ్చు. అందుకే బాగా బరువు తగ్గినవాళ్లు కూడా చివరికి సర్జన్ దగ్గరికి వస్తుంటారు, అప్పుడు చిన్న ఆపరేషన్ సరిపోతుంది, అంతే తేడా.

దీని మీద అధ్యయనాలు లేకపోలేదు. అమెరికాలో జరిగి 2002లో ఫలితాలు వెలువడిన బ్రావో అధ్యయనం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లనూ, చేయించుకోనివాళ్లనూ పోల్చింది. బరువు తగ్గడం, ఫిజియోథెరపీ, ప్రత్యేక బ్రాలు, నొప్పి మాత్రలు ఇవేవీ శాశ్వత ఉపశమనం ఇవ్వలేదని, సర్జరీ ఇచ్చిందని తేల్చింది. అవసరాన్ని లక్షణాలతో నిర్ణయించాలి తప్ప తీసే కణజాలం ఎంతన్న దానితో కాదని కూడా ఆ పరిశోధకులు వాదించారు. అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ల సంఘం 2022లో సవరించిన మార్గదర్శకాలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. ఒకటికి మించిన లక్షణాలతో బాధపడుతున్నవాళ్లకు, ఎన్ని గ్రాములు తీస్తామన్న లెక్క పక్కన పెట్టి, సర్జరీనే మొదటి చికిత్సగా ఇవ్వజూపాలని అవి చెబుతున్నాయి.

బరువు తగ్గి రమ్మనేవాళ్లు మరిచిపోయే సంగతి ఒకటుంది. తగ్గడానికి ఒళ్లు కదలాలి. భారీ రొమ్ములతో నడక ఎలాగో సాగుతుంది. పరుగు, స్కిప్పింగ్, జుంబా అనేసరికి కష్టం మొదలవుతుంది. ఒకదాని మీద ఒకటి రెండు బ్రాలు బిగించుకోవాలి, పట్టీలు భుజాల్లోకి దిగి గాట్లు పడతాయి, ఊపిరి ఆడదు, దానికి తోడు పార్కులోనో జిమ్ములోనో పదిమంది చూపులు. మన ఊళ్లలో ఆ సైజుకు గట్టిగా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా దొరకడమే గగనం. ఆపరేషన్ తర్వాత కదలిక తేలికై వ్యాయామం మొదలుపెట్టేవాళ్లు ఉంటారు. అలాగని ఆపరేషన్ చేస్తే దానంతట అదే ఒళ్లు తగ్గుతుందనుకోవడం పొరపాటు, టేబుల్ మీద తగ్గేది ఆ కిలోనో రెండు కిలోలో మాత్రమే.

ఇప్పుడు రెండో కారణం, ప్రమాదం. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రొమ్ము తగ్గింపులో ఎక్కువగా వాడే పద్ధతిలో కోత తలకిందులైన ఇంగ్లిష్ టీ అక్షరం ఆకారంలో వస్తుంది. నిలువు గీత కింది మడతలోని అడ్డగీతను కలిసే చోట చర్మం మీద లాగుడు ఎక్కువ, రక్త ప్రసరణ తక్కువ. కుట్లు విడివడేది ఎక్కువగా అక్కడే. కొవ్వు కణజాలానికి రక్తనాళాలు పలచగా ఉంటాయి కాబట్టి బీఎంఐ పెరిగేకొద్దీ గాయం ఆలస్యంగా మానడం, ఇన్ఫెక్షన్, నీరు చేరడం, లోపల కొవ్వు చచ్చి గడ్డలా తగలడం పెరుగుతాయి. చనుమొనను పైకి జరిపేటప్పుడు దానికి రక్తం అందించే కణజాలపు కాడను వదలకుండా ఉంచుతారు. రొమ్ము ఎంత పెద్దదై ఎంత జారి ఉంటే ఆ కాడ అంత పొడవు, చివరి దాకా రక్తం చేరడం అంత కష్టం. మరీ విపరీతమైన సందర్భాల్లో చనుమొనను పూర్తిగా విడదీసి కొత్త చోట చర్మంలా అతికించాల్సి వస్తుంది. అప్పుడు స్పర్శ చాలావరకు పోతుంది, ఆ తర్వాత పాలివ్వడం కుదరదు. వీటికి తోడు ఒళ్లు బరువైనవాళ్లలో కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడం, నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా లాంటివి మత్తు డాక్టర్‌కు టెన్షన్ పెట్టే విషయాలు. గట్టిగా గురక పెట్టే అలవాటుంటే సిగ్గుపడకుండా చెప్పేయాలి.

అయితే ఈ ప్రమాదం మెల్లగా, వాలుగా పెరుగుతుంది. 26.9 దగ్గర భద్రం, 27.1 దగ్గర అపాయం అనేది లేదు. 30 ప్రాంతంలో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువభాగం ఇంకొన్ని వారాలు డ్రెస్సింగ్ చేసుకుంటే మానిపోయేవే. 35 దాటాక సర్జన్లు జాగ్రత్త పడతారు, 40 చేరితే చాలామంది వాయిదా వేసి ముందు బరువు సంగతి చూడమంటారు. ఆ మాటలో న్యాయం ఉంది. 27 దగ్గరే తలుపు వేయడానికి మాత్రం గాయాలు మానే శాస్త్రం అంతగా సాక్ష్యం ఇవ్వదు. పరిమితమైన ప్రభుత్వ డబ్బును, ఆపరేషన్ థియేటర్ సమయాన్ని ఎవరికి ముందు ఇవ్వాలన్న సర్దుబాటు అందులో కలిసి ఉంది. సర్దుబాటు తప్పేమీ కాదు, ఏ ప్రభుత్వానికైనా తప్పదు. దాన్ని పూర్తిగా వైద్య కారణంలా చెప్పడమే అభ్యంతరకరం.

భారతీయుల విషయంలో బీఎంఐ ఇంకో రకంగా మోసం చేస్తుంది. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్య శాస్త్రవేత్తలు తమ ఫొటోనే వేసుకున్నారు. పుణెకు చెందిన యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మనవాళ్లకు తక్కువ బరువులోనే షుగర్, బీపీ వచ్చిపడతాయి కాబట్టే దక్షిణాసియా వాళ్లకు అధిక బరువు గీతను 25 బదులు 23 దగ్గర గీస్తారు. ఈ లెక్కన 26 బీఎంఐతో ‘పాస్’ అయిన తెలుగు మహిళ ఒంట్లో షుగర్ అదుపు తప్పి ఉండొచ్చు. ఆమెకు కుట్లు విడిపోయే ప్రమాదం, షుగర్ లేని 31 బీఎంఐ మనిషి కంటే ఎక్కువే ఉండొచ్చు. తూకం మిషన్ కంటే మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఇక్కడ ఎక్కువ సమాచారం ఇస్తుంది.

రక్తహీనత సంగతి అసలు ఎవరూ ఎత్తరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 25కు మించిన బీఎంఐ ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 36 శాతం, తెలంగాణలో సుమారు 30 శాతం. రక్తహీనత ఉన్నవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ 57 శాతానికి పైనే. ఈ రెండు గుంపుల్లోనూ ఉండేవాళ్లు ఉంటారు, ఒళ్లు నిండుగా ఉన్నంత మాత్రాన రక్తం నిండుగా ఉన్నట్టు కాదు. సర్జరీ తేదీకి అంకె అందుకోవాలని రెండు నెలలు పూటకో గ్లాసు మజ్జిగతో గడిపి వచ్చేవాళ్లు ఇంకో తప్పు చేస్తున్నారు. గాయం మానడానికి ప్రొటీన్, ఐరన్ కావాలి. ఆకలితో దించిన మూడు కిలోలు బీఎంఐని కొంచెం అందంగా చూపిస్తాయి, కుట్లకు మాత్రం కీడే చేస్తాయి.

పొగాకును ఈ జాబితాలో పైన పెట్టాలి. నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగుసుకుపోయేలా చేస్తుంది. చనుమొన బతికేది ఆ సన్నటి నాళాల మీదే. అందుకే కనీసం నాలుగు వారాల ముందు, మరో నాలుగు వారాల తర్వాత పూర్తిగా మానాలని సర్జన్లు పట్టుబడతారు. మన ఆడవాళ్లకు సిగరెట్ ఎక్కడిదిలే అనుకుంటే పొరపాటు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు పెద్దవయసు ఆడవాళ్లలో కనపడుతుంది. గుట్కా, ఖైనీ, పొగాకు వేసిన కిళ్లీల్లో ఉన్నదీ నికోటినే. ‘సిగరెట్ తాగుతారా’ అని అడిగితే వాళ్లు లేదనే చెబుతారు, అబద్ధం కాదు కూడా.

ఇంగ్లండ్ షరతుల్లో నిజంగా విలువైనది ఆ 27 కంటే పక్కనున్న 12 నెలల నిలకడే. ఆపరేషన్ తర్వాత మిగిలిన రొమ్ములో కొవ్వు కణాలు ఉండనే ఉంటాయి. పదిహేను కిలోలు పెరిగితే అవీ ఉబ్బుతాయి. పదిహేను కిలోలు తగ్గితే సర్జన్ కొలిచి కుట్టిన ఆకారం ఖాళీ సంచిలా జారుతుంది, మరో ఆపరేషన్ మాట వస్తుంది. కాబట్టి 30 దగ్గర ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న మనిషి, ఆర్నెల్లలో 34 నుంచి 27కు దిగి ఇంకా దిగుతున్న మనిషి కంటే సర్జరీకి మెరుగైన అభ్యర్థి కావచ్చు. బరువు తగ్గడానికి చేసే బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్నవాళ్లను సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర ఆగమనడం ఇందుకే. త్వరలో గర్భం కావాలనుకునేవాళ్లకు కూడా ఇదే సలహా ఇస్తారు, కాన్పు, పాలివ్వడం రొమ్ము సైజును మళ్లీ మార్చేస్తాయి గనుక.

ఈ నిలకడ ప్రశ్నను బరువు తగ్గే ఇంజెక్షన్లు కొత్తగా ముందుకు తెచ్చాయి. టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో, సెమాగ్లూటైడ్ వెగోవీ పేరుతో 2025లో భారత మార్కెట్‌లోకి వచ్చాయి. డైట్‌తో ఏళ్లు పోరాడినా దిగనివాళ్లు వీటితో దిగుతున్నారు, వాళ్లకు ‘తగ్గి రండి’ అన్న షరతు ఇప్పుడు అసాధ్యం కాదు. కానీ ఇంజెక్షన్ ఆపితే బరువు చాలామందిలో తిరిగి వస్తుంది. దిగడం ఆగి, ఆ అంకె మీద కొన్ని నెలలు నిలిచాకే తేదీ పెట్టుకోవడం మంచిది. ఇంకో సంగతి మరీ ముఖ్యం. ఈ మందులు కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి. ముందు రాత్రి నుంచి ఏమీ తినకపోయినా లోపల ఆహారం మిగిలి, మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఇంట్లో చెప్పకుండా వాడుతున్నవాళ్లు సైతం మత్తు డాక్టర్ దగ్గర దాచకూడదు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఎదురయ్యే లెక్క ఇంగ్లండ్ లెక్కకు దాదాపు తిరగేసి ఉంటుంది. అక్కడ చాలా బీమా కంపెనీలు ష్నర్ స్కేల్ అనే పట్టిక చూస్తాయి. ప్లాస్టిక్ సర్జన్ల నుంచి సేకరించిన వివరాలతో 1991లో తయారైంది. ఎత్తు, బరువు కలిపి శరీర ఉపరితల వైశాల్యం కడతారు, దానికి తగ్గట్టు ఒక్కో రొమ్ము నుంచి కనీసం ఎన్ని గ్రాములు తీస్తే అది వైద్య అవసరమో పట్టిక చెబుతుంది. వైశాల్యం 1.60 చదరపు మీటర్లైతే 310 గ్రాములు, 1.85 అయితే 482 గ్రాములు. 155 సెంటీమీటర్ల మహిళ 60 కిలోలుంటే మొదటి వరసలో, 80 కిలోలుంటే రెండో వరసలో పడుతుంది. ఆ 80 కిలోల మహిళకు ఇంగ్లండ్‌లో వద్దంటారు, అమెరికాలో సరేనంటారు కానీ ఎక్కువ కోయమంటారు. ఆమె నొప్పి రెండు చోట్లా ఒకటే. కొన్ని పాలసీలు పట్టిక పక్కన పెట్టి అందరికీ 500 గ్రాములు అని గీత గీసేవి. అది పొట్టిగా, సన్నగా ఉండే మనవాళ్లకు మరీ అన్యాయం, 350 గ్రాములు తీస్తే చాలిన చోట 500 తీస్తే ఆకారమే మిగలదు. ఈ గీతలు దాటించడానికి అక్కడ పనికొచ్చేవి కాగితాలే: ఫిజియోథెరపీకి వెళ్లిన తేదీలు, చర్మవ్యాధి డాక్టర్ రాసిన ఆయింట్‌మెంట్ చీటీలు, భుజాల మీది గాట్ల ఫొటోలు.

భారత్‌లో ఇలాంటి పట్టిక ఏదీ అందరికీ వర్తించదు. ఎక్కువమంది సొంత డబ్బుతోనే చేయించుకుంటారు కాబట్టి బరువు గీత ఎక్కడ అన్నది ఆ సర్జన్, ఆ మత్తు డాక్టర్ నిర్ణయం. ఒకరు 32 దగ్గర వద్దంటే ఇంకొకరు 36 దగ్గర సరే అనవచ్చు. వద్దన్న డాక్టర్‌ను ‘బరువు వల్ల నాకు ఏ ప్రమాదం పెరుగుతుంది, ఎంత తగ్గితే అది తగ్గుతుంది’ అని అడగాలి. సరే అన్న డాక్టర్‌నూ అదే ప్రశ్న అడగాలి, ఇంకాస్త గట్టిగా.

ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు కాస్మెటిక్ అన్న ఒక్క మాట విని వదిలేయనక్కర్లేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక మినహాయింపుల్లో, అంటే బీమా ఖర్చు ఇవ్వని వాటి జాబితాలో, 08 నంబరుది కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీలను పక్కన పెడుతుంది. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాతి పునర్నిర్మాణానికి, ప్రత్యక్షమైన తక్షణ ఆరోగ్య ముప్పును తొలగించే వైద్య అవసరానికి మాత్రం ఆ అడ్డు వర్తించదు. ఆ అవసరాన్ని చికిత్స చేసే డాక్టర్ ధ్రువీకరించాలి. ‘తక్షణ’ అన్న మాట దగ్గర చాలా క్లెయిములు ఆగిపోతాయి. అయినా ప్రయత్నించేవాళ్లు ఆపరేషన్‌కు ముందే రాతపూర్వకంగా అనుమతి అడగాలి, ధ్రువపత్రంలో నొప్పి ఎంతకాలంగా ఉంది, ఏ చికిత్సలు పనిచేయలేదు, మడతలో పుండ్లు ఎన్నిసార్లు వచ్చాయి అన్నవి రాయించాలి. తీసిన కణజాలాన్ని ఎలాగూ బయాప్సీకి పంపుతారు, ఒక్కో వైపు ఎన్ని గ్రాములో ఆ రిపోర్టులో వేరువేరుగా వచ్చేలా చూసుకోవాలి.